జీడిపిక్క తొక్కల బొగ్గుతో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందా? అంగన్వాడీ పిల్లల కోసం అడుగుతున్నాను

మందస అంగన్వాడీ టీచర్:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక చిన్న ఊరు. పద్నాలుగేళ్లుగా అంగన్వాడీ నడుపుతున్నాను. ఇప్పుడు నా దగ్గర 22 మంది పిల్లలున్నారు. అందరూ మూడు నుంచి ఆరేళ్ల లోపువాళ్లే.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష కిట్టు వాడడం నేర్పించారు. మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. మొన్న మా సెంటర్ బోరు నీళ్లు గొట్టంలో పట్టి ఫ్లోరైడ్ చుక్కలు వేశాను. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబి రంగు నిలవాలి. నిలవలేదు, చూస్తుండగానే పసుపులోకి తిరిగిపోయింది. నా చెయ్యి తప్పిందేమోనని గొట్టం కడిగి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. అప్పుడు సీసా పట్టి లేబ్‌కి పంపించాం. వచ్చిన కాగితంలో ఇలా ఉంది: పీహెచ్ 7.8, మిగతావి లీటరుకి మిల్లీగ్రాముల్లో, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి) 940, కాఠిన్యం 260, క్షారత 380, నైట్రేట్ 38, ఐరన్ 0.2, ఫ్లోరైడ్ 2.2. అన్నిటికన్నా కింద కోలిఫార్మ్ (నీళ్లలో మురుగు కలిసిందేమో చెప్పే బాక్టీరియా) దగ్గర ‘ఉన్నది’ అని రాశారు.

హిరమండలం నుంచి వచ్చే పైపు నీళ్లు మా ఊరికీ వచ్చాయి. కానీ ఆ కుళాయి మా సెంటర్‌కి రెండు వీధుల అవతల ఉంది. రోజు విడిచి రోజు వస్తాయి, ఒక్కోసారి రెండు రోజులు రావు. అందుకని వంటకీ తాగడానికీ బోరే వాడుతున్నాం. పద్నాలుగేళ్లుగా ఆ నీళ్లతోనే అన్నం వండి పెట్టాను. కాగితం చూసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు.

ఇంతలో టౌన్ నుంచి ఒక ఫిల్టర్ కంపెనీ అబ్బాయి వచ్చాడు. రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఒకదాంట్లో తన ఫిల్టర్ నీళ్లు. కరెంటు కడ్డీలు రెండిట్లోనూ పెట్టి స్విచ్ వేశాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు తుప్పు బురదలా అయిపోయింది, పైన నురగ కట్టింది. అతని గ్లాసు తేటగానే ఉంది. “మీ పిల్లలు తాగుతున్నది ఇదమ్మా” అన్నాడు. తల్లులందరూ అక్కడే ఉన్నారు. ఒకావిడ ఏడ్చేసింది. ఫిల్టర్ 14 వేలట. తలా 650 వేసుకుందాం అంటున్నారు. కూలికి వెళ్లేవాళ్లు వాళ్లు. ఆ డబ్బు పోసి కొన్నాక ఉపయోగం లేకపోతే వాళ్ల ముఖం ఎలా చూడను?

ఇంకోటి. మా ఆయన కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తారు. తొక్కలు బస్తాలకి బస్తాలు దొరుకుతాయి. జీడి తొక్కల బొగ్గు నీళ్లలో విషాలన్నీ లాగేస్తుందని, దాని మీద యూనివర్సిటీల్లో పరిశోధనలు జరిగాయని మా ఊరి కాలేజీ కుర్రాడు ఫోన్లో చూపించాడు. అది మేమే కాల్చుకుని, కుండలో ఇసుక, కంకర మధ్య వేసుకుంటే ఫ్లోరైడ్ పోతుందా? ఎంత బొగ్గు వెయ్యాలి? ఎన్నాళ్లు పనిచేస్తుంది?

మా మామగారు రెండేళ్ల కిందట కిడ్నీలు పాడై పోయారు. సోంపేటకి డయాలిసిస్‌కి తిప్పింది నేనే. మా వైపు ఎవరైనా ఎదురుపడితే “బాగున్నారా” అన్నాక రెండో మాట “క్రియాటిన్ ఎంతుంది” అనే, అంటే కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్ రక్తపరీక్ష. అందుకే నీళ్లంటే మాకు ఇంత భయం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గజపతినగరం రైతు:

తల్లీ, నాను పెద్దగా సదువుకున్నోడ్ని గాదు, నా మనవడు టైపు సేస్తన్నాడు. మా సిన్నప్పుడు సెరువు నీల్లే తాగినాం. మా యమ్మ నీల్లు తెచ్చి కుండలో పోసి, ఆ కుండ లోపలి గోడకి సిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగిపోయి నీల్లు అద్దంలా ఉండేయి. మునగ గింజలు దంచి ఏసినా అంతే. డబ్బు కర్సు లేదు. ఒకపాలి సూసుకోండి. పసిపిల్లల కోసం ఇంత తాపత్రయపడతన్నావు, నీ కడుపు సల్లగుండ.

నీటి పరీక్షల లేబ్‌లో పని:

మేడమ్, మీరు రెండుసార్లు చుక్కలు వేసి చూసుకోవడం చాలా మంచి పని. చాలామంది ఒకసారి చూసి ఊరుకుంటారు.

ఈసారి నీళ్లు పంపేటప్పుడు బోరు ఐదు నిమిషాలు వదిలేసి పట్టండి, గొట్టంలో నిలిచిన నీళ్లు పోవాలి. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజు వద్దు. కోలిఫార్మ్‌కి మాత్రం లేబ్ ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే. మూత లోపల వేలు తగలకూడదు, ఐస్ పెట్టె దొరికితే అందులో పెట్టి అదే రోజు అందేలా పంపండి. ఎండలో బస్సు టాపు మీద పెట్టి పంపిన సీసాలు కూడా మాకు వస్తుంటాయి, వాటి ఫలితం నమ్మడానికి ఉండదు. మీ కిట్టులో చిన్న బాక్టీరియా సీసాలు కూడా ఉంటాయి. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, చెడ్డ నీళ్లయితే నల్లబడతాయి. బోరు చుట్టూ సిమెంటు దిమ్మ పగిలిందేమో, పక్కన మరుగుదొడ్డి గుంత ఎంత దూరంలో ఉందో కూడా చూడండి.

కవిటి కొబ్బరితోట:

అక్కా, మీ పోస్టు రాత్రి చదివాను. పొద్దున్నే జవాబు రాద్దామనుకున్నాను కానీ ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను. పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది కవిటి మండలం. నేను చదివింది పర్యావరణ రసాయనశాస్త్రం. పీహెచ్‌డీలో నాలుగేళ్లు నేను చేసిన పని సరిగ్గా మీరడిగినదే, జీడిపిక్క తొక్కల బొగ్గుతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడం. కాబట్టి మీ కాలేజీ కుర్రాడు చూపించింది అబద్ధం కాదు. కానీ అందులో రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

ముందు ఒక్క మాట. దయచేసి తొక్కలు ఇంటి దగ్గర కాల్చకండి. తొక్క బరువులో సుమారు పావు వంతు జీడినూనె ఉంటుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడి పొక్కేది ఆ నూనె వల్లే, మీ ఆయనకి బాగా తెలుసు. ఆ నూనె పొగ కళ్లకీ ఊపిరికీ తగిలితే అంతకన్నా చెడ్డది. మొదటి ఏడాది సెలవులకి ఇంటికొచ్చి, పెరట్లో పాత నూనె డబ్బాలో తొక్కలు కుక్కి మట్టి మెత్తి కాల్చాను. మూత సందుల్లోంచి పసుపు పొగ వచ్చింది. ఏం చేస్తున్నానో చూద్దామని మా అమ్మ దగ్గరికి వచ్చింది. మూడు రోజులు ఆమె కళ్లు తెరవలేదు, చెంపలు పొక్కాయి. ఆ తర్వాత నేను లేబ్‌లో నూనె తీసేసిన తొక్కల పిండితో తప్ప చెయ్యలేదు. పైగా మామూలుగా కాల్చిన బొగ్గు వేరు, నీళ్లు శుభ్రం చేసే ఉత్తేజిత బొగ్గు వేరు. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, గాలి తగలకుండా నాలుగైదు వందల డిగ్రీల్లో వేడి చేసి, ఆమ్లం పోయేదాకా కడగాలి. అప్పుడు దాని లోపల కంటికి కనపడని రంధ్రాలు తెరుచుకుంటాయి. మంచి ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాము తీసుకుని ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది. మన లెక్కలో పాతిక సెంట్లు. చిటికెడు బొగ్గులో పాతిక సెంట్ల నేల. దాని శక్తంతా అక్కడే ఉంది. నీళ్లలోని మలినం ఆ గోడలకి వచ్చి అంటుకుంటుంది.

నేను మొదట నీలం రంగు మీద చూశాను. మిథిలీన్ బ్లూ అంటాం. సిరా లాంటి నీళ్లలో చెంచాడు బొగ్గు వేసి కలిపి వడకడితే తెల్లటి నీళ్లు దిగాయి. ఆ రోజు రాత్రి హాస్టల్ నుంచి అమ్మకి ఫోన్ చేసి “మన జీడితొక్కతోనే మన నీళ్లు బాగుచేస్తానే” అని చెప్పాను. మా నాన్న అప్పటికి డయాలిసిస్ మీద ఉన్నారు.

తర్వాత ఫ్లోరైడ్ మీద చూశాను. దాదాపు ఏమీ పట్టలేదు. రంగులు, పురుగుమందులు, వాసనలు పెద్ద పెద్ద అణువులు. బొగ్గు గోడలంటే వాటికి ఇష్టం, వచ్చి అతుక్కుంటాయి. ఫ్లోరైడ్ అలా కాదు. చిన్నది, రుణావేశం ఉన్నది, చుట్టూ నీటి అణువుల్ని గట్టిగా కప్పుకుని తిరుగుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్‌లో బొగ్గు గోడలకీ చాలావరకు రుణావేశమే ఉంటుంది. రెండూ ఒకటే ఆవేశం, దగ్గరికి చేరవు. కాబట్టి మీ ప్రశ్నకి సూటి జవాబు: ఇసుక, కంకర, బొగ్గు కుండతో ఫ్లోరైడ్ పోదు. జీడి బొగ్గయినా, కొబ్బరి చిప్ప బొగ్గయినా అంతే. నీళ్లు తేటగా కనిపిస్తాయి, రుచి కూడా బాగుంటుంది, ఫ్లోరైడ్ మాత్రం 2.2 దగ్గరే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ తేటదనమే. చూసి నమ్మేస్తాం.

ఫ్లోరైడ్‌కి అల్యూమినియం అంటే ఇష్టం. అందుకని బొగ్గు గోడల మీద అల్యూమినియం ఎక్కించాను. ఈసారి పనిచేసింది. స్వేదన జలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి, పీహెచ్ 6 దగ్గర ఉంచి చూస్తే గ్రాఫు గీతలు అద్భుతంగా వచ్చాయి. పేపరు రాయడానికి సరిపోయేంత. అప్పుడు మా గైడ్ ఒకటే అడిగారు, “ఇది మీ అమ్మ తాగే నీళ్లలో చూశావా?” అని.

చూడలేదు. ఆ వారమే ఇంటికెళ్లి మా నూతి నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్‌లో పట్టి సోంపేటలో రైలెక్కాను. విశాఖ దాకా ఆ క్యాన్ కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పక్కనావిడ “ఏటి బాబూ, కొబ్బరినూనా?” అని అడిగింది. నీళ్లమ్మా అంటే వింతగా చూసింది. లేబ్‌లో అదే బొగ్గు, అదే మోతాదు, అదే సమయం. బీకరులో తీసినదాంట్లో సగం కూడా తీయలేదు.

తప్పు బొగ్గుది కాదు. స్వేదన జలంలో ఫ్లోరైడ్ ఒక్కటే ఉంది, ఆ పాతిక సెంట్లూ దానివే. మా నూతి నీళ్లలో లీటరుకి రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, బైకార్బొనేట్ కొన్ని వందల మిల్లీగ్రాములుంది. సిలికా ఉంది. కాస్త ఫాస్ఫేట్ ఉంది. అన్నీ ఆ నేల కోసమే వచ్చాయి. పీహెచ్ కూడా 6 కాదు, ఎనిమిదికి దగ్గర. క్షారత అంటే చాలావరకు ఈ బైకార్బొనేటే, మీ కాగితంలో అది 380 అని చూడగానే నాకు మా నూతి కాగితమే గుర్తొచ్చింది. నేను థీసిస్‌లో బీకరు నీళ్ల ఫలితం పక్కనే నూతి నీళ్ల ఫలితం కూడా వేశాను. కొందరు వద్దన్నారు, గీత అందంగా లేదన్నారు. అది వెయ్యకపోతే మీలాంటివాళ్లు ఫోన్లో చూసి పిల్లల కుండలో బొగ్గు వేసేస్తారు కదా. మీరెవరైనా ఇలాంటి పరిశోధన చదివితే ముందు ఒకటి వెతకండి: ఏ నీళ్లతో చేశారు? ఊరి నీళ్లా, లేబ్‌లో కలిపిన నీళ్లా?

ఎంత బొగ్గు, ఎన్నాళ్లు అని అడిగారు. పిల్లల తాగుడికీ వంటకీ రోజుకి 40 లీటర్లు అనుకుందాం. 2.2ని 1.0కి దించాలంటే లీటరుకి 1.2 చొప్పున రోజుకి 48 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తియ్యాలి. అల్యూమినియం ఎక్కించిన బొగ్గు గ్రాముకి ఒక మిల్లీగ్రాము పట్టిందనుకున్నా రోజుకి 48 గ్రాములు, నెలకి కేజీన్నర దగ్గర. అది నిండిపోయిన రోజు చెప్పదు. రంగు మారదు, వాసన రాదు. మరుసటి రోజు నుంచి ఫ్లోరైడ్ నేరుగా పిల్లల గ్లాసులోకి వస్తుంది. వాడేసిన బొగ్గు ఎక్కడ పారేస్తారు? పెరట్లో పోస్తే వానకి కొంత మళ్లీ నేలలోకి దిగుతుంది. అల్యూమినియం సరిగ్గా అతుక్కోకపోతే అదీ నీళ్లలోకి వస్తుంది. ఇవన్నీ చూసుకోవడానికి ఒక మనిషి, ఒక లేబ్ ఉండాలి. నేను ఇప్పటికీ దాని మీదే పనిచేస్తున్నాను, మానలేదు. కానీ 22 మంది పిల్లల మీద పెట్టేంతగా ఇంకా కుదరలేదు.

ఇప్పుడు ఆ ఫిల్టర్ అబ్బాయి గ్లాసుల సంగతి. అది చదివి నాకు చాలా కోపం వచ్చింది. ఆ బురద మీ నీళ్లలోది కాదక్కా. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. మీ నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది, ఇనప కడ్డీ కరిగి తుప్పవుతుంది. అతని నీళ్లలో లవణాలు తీసేశారు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. మళ్లీ వస్తే అతని గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి స్విచ్ వెయ్యమనండి. అదీ ఎర్రబడుతుంది. ఆ ఏడ్చిన తల్లికి ఇది ముందు చెప్పండి, ఆమె బిడ్డకి తుప్పు బురద తాగించలేదని. ఆ పరీక్షలో ఫ్లోరైడ్ కనపడనే కనపడదు.

అలాగని ఆర్ఓ (నీళ్లని ఒత్తిడితో సన్నటి పొరలోంచి తోసి లవణాల్ని ఆపే ఫిల్టర్) పనికిరాదని కాదు. ఆర్ఓ పొర ఫ్లోరైడ్‌ని బాగా ఆపుతుంది. కాకపోతే ఫిల్టర్ అని పేరున్న ప్రతిదాంట్లో ఆ పొర ఉండదు. కొన్నిట్లో బొగ్గు, యూవీ దీపం మాత్రమే ఉంటాయి. యూవీ క్రిముల్ని చంపుతుంది, ఫ్లోరైడ్‌ని ఏమీ చెయ్యదు. ఎవరైనా అమ్మడానికి వస్తే అందులోంచి వచ్చిన నీళ్లలో మీ కిట్టు చుక్కలు మీరే వెయ్యండి. గులాబి నిలిస్తే మాట్లాడండి. కొన్నాక కూడా నెలకోసారి వెయ్యండి, పొర పాడైనా బయటికి తెలీదు. పక్కకి పోయే నీళ్లు కూడా చాలా ఉంటాయి, అందులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని వంటకి మళ్లించకూడదు.

పెద్దాయన చెప్పిన చిల్లగింజ, మునగ గింజ నిజంగా మంచివి. మునగ గింజలో ధనావేశం ఉన్న ప్రొటీన్ ఉంటుంది, మట్టి రేణువుల్ని ఒకచోటికి చేర్చి అడుక్కి దించుతుంది. మా అమ్మమ్మ కూడా చేసేది. అది బురదకి. కరిగిపోయి ఉన్న ఫ్లోరైడ్‌కి చాలదు.

మీరు రేపటి నుంచి ఏం చెయ్యాలో నాకు తోచింది రాస్తాను.

అన్నిటికన్నా ముందు కోలిఫార్మ్. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి చేసే చెడుపు, ఇది ఒక్క వారంలో పసివాళ్లని విరేచనాలతో పడేస్తుంది. క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి, కిట్టులోనే ఉండే క్లోరిన్ పరీక్షతో కనీసం 0.2 కనపడేలా చూసుకోండి. బోరు నీళ్లు కాచి ఇస్తే మంచిదని చాలామంది అంటారు. క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోయి ఇంకాస్త చిక్కబడుతుంది, నైట్రేట్ కూడా అంతే.

తర్వాత పైపు నీళ్లు. అవి వంశధార నీళ్లు. రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన బోరు నీళ్లకన్నా నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే ఉంటుంది. అయినా నా మాట నమ్మకండి, ఆ కుళాయి దగ్గర పట్టి చుక్కలు వెయ్యండి. బాగుంటే తాగడానికీ వంటకీ అవే. బోరు చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకి. వంట మరిచిపోకండి, అన్నం, పప్పు పీల్చుకునే నీళ్లు కూడా కడుపులోకి వెళ్లేవే.

పైపు నీళ్లు చాలని రోజు కలిపి వాడొచ్చు. ఉదాహరణకి పైపు నీళ్లలో 0.4 ఉందనుకోండి. మూడు బిందెలు అవి, ఒక బిందె బోరు కలిపితే 0.85 వస్తుంది. మన దేశపు ప్రమాణం 1.0 లోపు ఉంటే మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. కలిపిన నీళ్లకీ క్లోరిన్ తప్పదు.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, నల్గొండ పద్ధతి అంటారు. బకెట్టులో కూడా చెయ్యొచ్చు. కానీ పటిక ఎంతన్నది ఫ్లోరైడ్‌ని బట్టీ క్షారతని బట్టీ మారుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. కాగితం లేబ్‌వాళ్లకి చూపించి మోతాదు రాయించుకుంటే తప్ప మొదలుపెట్టకండి.

వాన నీళ్లు కూడా చూడండి. మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మిల్లీమీటరు పడితే వంద లీటర్లు. మొదటి వానలు వదిలేసి, మూత ఉన్న ట్యాంకులో పట్టుకుంటే వాటిలో ఫ్లోరైడ్ బెంగ ఉండదు.

ఇక మీరు పెట్టే గుడ్డు, పాలు ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. కాల్షియం బాగా అందిన పిల్లల ఒంటికి ఫ్లోరైడ్ తక్కువ పడుతుంది. ఈ వయసులో పాలపళ్ల కింద అసలు పళ్లకి ఎనామిల్ పడుతూ ఉంటుంది. పళ్ల మీద గార మచ్చలు పడేది ఇప్పుడే, కనపడేది ఆరేడేళ్లు దాటాక. అంటే మీరు ఇప్పుడు చేసే పని ఈ పిల్లలకి అందే పనే, ఆలస్యమైపోలేదు.

మామగారి గురించి రాశారు. మా నాన్న కూడా 2019లో పోయారు. మన ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస వైపు, కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ల మీద అనుమానం ఉంది, ఎండలో చాకిరీ మీద ఉంది, నొప్పి బిళ్లల మీద, పురుగుమందుల మీద ఉంది. ఈ నీళ్లు మారిస్తే ఆ జబ్బు రాదని నేను చెప్పలేను, చెప్తే ఆ గ్లాసుల అబ్బాయికీ నాకూ తేడా ఉండదు. ఇంట్లో అందరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించండి, ఒళ్లునొప్పులకి దుకాణం బిళ్లలు మింగనివ్వకండి.

మందస అంగన్వాడీ టీచర్:

తమ్ముడూ, మీరు రాసింది నిన్న సెంటర్‌లో తల్లులందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. కడ్డీల సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఏడ్చినావిడ “అయితే నా గుంటకి నాను తుప్పు తాగించలేదు గదా” అని అడిగింది. లేదు అన్నాను. మీ అమ్మగారి కళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయి?

ఒక అనుమానం. పద్నాలుగేళ్లుగా నా చేతి అన్నం తిని వెళ్లిన పిల్లల్లో కొందరు ఇప్పుడు టెన్త్ చదువుతున్నారు. ఇద్దరు ముగ్గురికి పళ్ల మీద చారలున్నాయి. నేను గుట్కా అనుకుని తిట్టాను కూడా. అది ఈ నీళ్ల వల్లేనా?

కవిటి కొబ్బరితోట:

అమ్మ బాగుంది అక్కా. చెంప మీద చిన్న మచ్చ మిగిలింది.

పళ్లు చూడకుండా నేను చెప్పలేను. ఫ్లోరైడ్ చారలైతే సాధారణంగా పళ్లకి అడ్డంగా, రెండు వైపులా జతగా ఉంటాయి. తోమితే పోవు. పళ్ల డాక్టరు చూసి చెప్తారు. అదే అయినా మీ తప్పు కాదు. నీళ్లు చూస్తే ఏమీ కనపడదు. మన తెలుగు పల్లెల్లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని డాక్టర్లు గుర్తించి రాసింది 1937లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక ఊరి బోరులో ఎంతుందో ఆ ఊరివాళ్లకి తెలియడానికి మీలాంటి ఒకరు గొట్టంలో చుక్కలు వెయ్యాల్సి వస్తోంది. ఆ పిల్లల్ని పిలిచి గుట్కా కాదని చెప్పండి. వాళ్లకి అది చాలా పెద్ద మాట.

వచ్చే నెల ఇంటికొస్తాను. మీరొప్పుకుంటే మీ బోరు నీళ్లు ఒక క్యాన్ పట్టుకెళ్తాను. నా బొగ్గు మీ నీళ్లలో ఏం చేస్తుందో చూడాలని ఉంది.

గజపతినగరం రైతు:

బాబూ, సిల్లగింజ బురదకేనని ఇప్పుడు తెలిసింది. మా బోరు నీల్లు గూడా తేటగానే ఉంటాయి. తేటగా ఉంటే సాలనుకున్నాం ఇన్నాల్లూ. మా ఊల్లో ఆ కిట్టు ఎవరి కాడుందో రేపు పంచాయితీకెల్లి అడుగుతాను.

మందస అంగన్వాడీ టీచర్:

తమ్ముడూ, క్యాన్ కాదు, రెండు పట్టుకెళ్లండి. అన్నం మా ఇంట్లోనే తినాలి.

ఆదివారం పైపు నీళ్లు వచ్చాయి. ఐదుగురం వెళ్లి కుళాయి దగ్గరే గొట్టం పట్టి చుక్కలు వేశాం. గులాబి నిలిచింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు, గొట్టం వెలుతురుకి ఎత్తి చూస్తూనే ఉన్నాం. సీసా పట్టి లేబ్‌కి కూడా పంపించాం, ప్లాస్టిక్ సీసాలోనే. బోరు దిమ్మ చూస్తే ఒక పక్క చెయ్యి పట్టేంత చీలిక ఉంది, మేస్త్రీకి చెప్పాం. ఫిల్టర్ డబ్బులు వసూలు చెయ్యడం ఆపేశాం. దాంట్లో కొంత పెట్టి మూత, కుళాయి ఉన్న రెండు వందల లీటర్ల డ్రమ్ము కొన్నాం. నీళ్లు వచ్చిన రోజు వంతులవారీగా ఇద్దరు తల్లులు బిందెలతో మోసి నింపుతున్నారు. సెంటర్‌కి విడిగా కుళాయి వెయ్యమని సర్పంచ్‌గారికి కాగితం రాసి అందరం సంతకాలు పెట్టాం.

పిల్లలకి ఏ నీళ్లు తాగాలో ఎలా తెలుస్తుందని ఆలోచించాం, వాళ్లకి చదవడం రాదు కదా. డ్రమ్ముకి చుట్టూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాం. బోరు బకెట్టుకి ఏమీ పెట్టలేదు. ఇవాళ మూడేళ్ల పిల్ల ఒకతి బకెట్టులో గ్లాసు ముంచబోతే ఇంకో గుంటడు చెయ్యి పట్టి లాగి “బొట్టు నీళ్లు తాగు” అన్నాడు.